“పెళ్లి మా తరహాలో చేసుకుంటాం మౌలానా!”

 

2025 వర్షాకాలంలో ఒకరోజు చిత్తూరులో అసర్ నమాజ్ ముగించుకుని మసీదు వరండాలో కూర్చుని ఉన్నాను. ఇద్దరు యువకులు వచ్చి సలాం చేశారు. ఒకరు పెళ్లికొడుకు. రేణిగుంట వైపు ఒక కంపెనీలో ఉద్యోగం. రెండోవారు పెళ్లికూతురి అన్నయ్య. అమ్మాయి ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి ఒక బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. అన్నయ్య చేతిలో ఒక నోటు పుస్తకం. చెల్లెలు రాసి పంపిందట.

“మౌలానా! మా పెళ్లి అందరి పెళ్లిలా వద్దనుకుంటున్నాం. మా తరహాలో చేసుకుంటాం. ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో మీరు చూసి చెప్పండి” అన్నాడు పెళ్లికొడుకు.

నిజం చెప్పాలంటే ఆ మాట విన్న వెంటనే నా నుదురు ముడిపడింది. ఈ మధ్య “మా తరహా” అంటూ జరిగేవి చూస్తున్నాం కదా! తలకోన జలపాతం దగ్గరో, హార్స్‌లీ హిల్స్ మీదో నికాహ్‌కు ముందే ఫోటోలు. వధువు నడిచి వస్తుంటే తల మీద ఎగిరే డ్రోన్ కెమెరా. వేదిక మీద పొగ, పాట. కాని నోటు పుస్తకం తెరిచి చూశాక నా నుదురు మెల్లగా సడలింది. అందులో నేను ‘వద్దు’ అని రాయవలసినవి రెండు మూడే కనిపించాయి. తక్కిన వాటిలో కొన్ని మనం చదివి వదిలేసిన హదీసులను నాకు తిరిగి గుర్తు చేశాయి. అందుకే ఈ మాసం ఈ విషయం మీతో ముచ్చటించాలనుకున్నాను.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. నికాహ్‌కు షరీఅత్ కోరేది ఎంత? అమ్మాయి అంగీకారం, ఆమె తరఫు పెద్ద, ఒకే కూర్చోవడంలో ఈజాబ్, ఖుబూల్, ఇద్దరు సాక్షులు, మహర్. పెళ్లి జరిగిందని నలుగురికీ తెలియడం, ఆ తర్వాత వరుడు తన స్తోమతును బట్టి ఇచ్చే వలీమా విందు సున్నత్. ఇంతే. మంజా, సాంచక్, మెహందీ, బారాత్, జల్వా, సలామీ, అయిదు శుక్రవారాల జుమ్మాగీ - ఇవేవీ నికాహ్‌లో భాగాలు కావు. ఇంటింటికీ, ఊరూరికీ మారిపోయే ఆచారాలు. చిత్తూరులో ఉన్నది మదనపల్లెలో లేదు. గుర్రంకొండ పెద్దలు తప్పనిసరి అనేది పుంగనూరు వాళ్లకు తెలియనే తెలియదు. మరి తాతల నాటి ఆచారం మార్చకూడదని పట్టుబట్టేవారు ఏ ఊరి తాతను అనుసరించాలి?

ఇక దైవప్రవక్త (స) కాలంలో పెళ్లిళ్లు ఎలా జరిగేవో గమనించండి. మనం వాటన్నిటినీ “సాదా నికాహ్” అనే ఒకే సంచిలో వేసి కట్టేస్తాం. కాని విడివిడిగా చూస్తే ఒక్కో పెళ్లిదీ ఒక్కో ముఖం.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కా నుంచి వట్టి చేతులతో మదీనా వచ్చారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన కృతజ్ఞతలు చెప్పి, బజారు ఎక్కడుందో చూపమన్నారు. పాలగడ్డలు, నెయ్యి అమ్మి సంపాదించారు. కొన్నాళ్లకు ఆయన దుస్తుల మీద పసుపు పచ్చని సుగంధపు మరక చూసి దైవప్రవక్త (స) ఏమిటని అడిగితే, ఒక అన్సారీ స్త్రీని పెళ్లాడాననీ, ఖర్జూరపు గింజంత బరువు బంగారం మహర్‌గా ఇచ్చాననీ చెప్పారు. ఆయన శుభం కోరి, ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయమన్నారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అంత దగ్గరి సహచరుడు, అదే ఊళ్లో పెళ్లి చేసుకున్నాడు. దైవప్రవక్త (స)కు పిలుపు లేదు. నన్నెందుకు పిలవలేదని ఆయన ఒక్క మాటా అనలేదు. మన ఇళ్లలో చిన్నత్తకు శుభలేఖ రెండు రోజులు ఆలస్యంగా అందితే పదేళ్లు మాటలుండవు!

హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) గాథ మరొకటి. అబూ తల్హా పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు ఆయన ఇంకా ఇస్లాం స్వీకరించలేదు. మీలాంటి వారిని కాదనలేం గాని, మీరు ఇస్లాం స్వీకరిస్తే అదే నా మహర్, మరేమీ అడగనని ఆమె చెప్పారు. ఆ పెళ్లిలో ఆమె మనసేమిటో, ఆమె విశ్వాసమేమిటో అద్దంలో కనబడుతుంది. హజ్రత్ జాబిర్ (రజి) తండ్రి ఉహద్‌లో షహీదయ్యారు. ఇంట్లో తొమ్మిది మంది చెల్లెళ్లు. యువకుడై ఉండి కూడా ఆయన అంతకు ముందే పెళ్లయిన స్త్రీని చేసుకున్నారు. కన్యను ఎందుకు చేసుకోలేదని దైవప్రవక్త (స) అడిగితే, చెల్లెళ్ల తల దువ్వి, వారిని సాకగల మనిషి కావాలనుకున్నానని జవాబిచ్చారు. ఆయన మెచ్చుకున్నారు. తన ఇంటి అవసరాన్ని బట్టి జాబిర్ (రజి) పెళ్లి నిర్ణయించుకున్నారు, వీధి ఏమనుకుంటుందో చూసి కాదు.

ఇంకొకటి. హజ్రత్ ఆయిషా (రజి) ఒక వధువును అన్సారీ వరుడి ఇంటికి పంపించారు. అక్కడ కాస్త పాటా సందడీ ఏమీ లేదా, అన్సారులకు అవంటే ఇష్టం కదా అని దైవప్రవక్త (స) అడిగారు. సందడి ఉండాలనేది ఒక సంగతి. ఆ మనుషుల ఇష్టం ఏమిటో తెలిసి, దానికి చోటివ్వడం ఇంకా పెద్ద సంగతి. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) పెళ్లి మరునాటి ఉదయం చిన్న పిల్లలు దఫ్ వాయిస్తూ బద్ర్‌లో అమరులైన తమ పెద్దలను తలచుకుంటూ పాడుతున్నారు. దైవప్రవక్త (స) వచ్చి కూర్చుని విన్నారు. ఒక పిల్ల, మా మధ్య రేపటి సంగతి తెలిసిన ప్రవక్త ఉన్నారని పాడగానే, ఆ మాట వదిలి మునుపటి పాటే పాడమన్నారు. పాట ఆపలేదు, తప్పు మాట ఒక్కటే ఆపారు. దిద్దేవాడికి ఉండవలసిన నేర్పు ఇదే. మాలాంటి మౌల్వీలం కూడా దీన్ని తరచు మరచిపోతాం.

కాబట్టి ఆ అబ్బాయితో చెప్పాను: “బేటా! నికాహ్ తమ తరహాలో చేసుకోవడం తప్పు కాదు. హద్దు ఎక్కడుందో చూసుకోవడమే మన పని.”

నోటు పుస్తకంలో ఏముందో చెబుతాను. శుక్రవారం అసర్ తర్వాత మొహల్లా మసీదులో నికాహ్. శుభలేఖలు అచ్చు వేయించకుండా, వరుడూ వధువూ ఎవరి బంధువులకు వారు సొంత చేతిరాతతో తెలుగులో ఉత్తరాలు. (అమ్మాయి ఒక వాక్యం రాసింది: “మా ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లే అందరూ, చదివేవాళ్లు నానీ ఒక్కరే.” ఉర్దూలో చదువుకున్న నాకు ఆ వాక్యం గుచ్చుకుంది. కాని అబద్ధం కాదు.) ఖుత్బా అరబీలో చదివాక దాని భావం తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పాలి. వచ్చినవారికి పళ్లెం, డబ్బా లాంటి కానుకలు కాకుండా తలా ఒక అంటు మామిడి మొక్క. వలీమా ఇంటి ముందు పందిట్లో. జోడె కీ రఖమ్ లేదు, జహేజ్ లేదు. మహర్ నికాహ్ సమయానికే చేతికి ఇచ్చేయాలి.

నేను అడ్డుగీత గీసినవి: నికాహ్‌కు ముందు ఇద్దరూ కలిసి తిరిగి తీయించుకోవాలనుకున్న ఫోటోలు, ఆడవాళ్ల వైపు కెమెరా. మంగ్నీ అయినంత మాత్రాన అబ్బాయి, అమ్మాయి ఒకరికొకరు పరాయివారే. ఈజాబ్, ఖుబూల్ అయ్యేదాకా ఆ తెర తొలగదు. అబ్బాయి కాసేపు మౌనంగా ఉండి, “సరే మౌలానా” అన్నాడు. మరొకటి నేను కలిపాను. అమ్మాయి మంజా కూడా వద్దని రాసింది. నానీ మాత్రం ఏడుస్తోందట. ఇంట్లో ఆడవాళ్ల మధ్య నానీ మనవరాలికి పసుపు రాసి, నాలుగు పాటలు పాడితే ఏ పాపమూ లేదు. తప్పనిసరి అనుకోకపోతే చాలు. సాదాతనం పేరుతో ముసలి ప్రాణాన్ని బాధపెట్టకండి అని చెప్పి పంపాను.

రెండు రోజుల తర్వాత పెళ్లికూతురి తండ్రి వచ్చారు. బంగారుపాళ్యం దగ్గర రెండెకరాల తోతాపురి తోట ఆయనది. 2025 వేసవిలో తోతాపురి రైతుల గతి ఏమైందో మన జిల్లాలో అందరికీ తెలుసు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుసలు, రోడ్ల పక్కన పారబోసిన కాయలు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందనీ, మొత్తం 12 రూపాయలనీ ప్రకటించారు. చాలామందికి అంతకంటే తక్కువే దక్కింది. ఆ తండ్రి జేబులోంచి ఒక కాగితం తీశారు. కల్యాణ మండపం అద్దె, ఎనిమిది వందల మందికి బిర్యానీ, దాల్చా, మీఠా, బంగారం, మోటారు సైకిల్, పెళ్లికొడుకు తల్లి అడిగిన జోడె కీ రఖమ్. అడుగున కూడిక. కూడిక పక్కన తోట సర్వే నంబరు.

“మౌలానా! పిల్లలు తెలిసీ తెలియక ఏదో అంటారు. పెళ్లికొడుకు వద్దంటాడు, వాళ్లమ్మ ఊరుకోదు. తోట తాకట్టు పెడితే పని అయిపోతుంది. మీరు పిల్లలకు నచ్చజెప్పండి” అన్నారాయన.

నచ్చజెప్పవలసింది పిల్లలకా, మనకా?

సోదరులారా! నిసా సూరె 4వ ఆయతు మహర్‌ను సంతోషంగా భార్యకు ఇవ్వమని పురుషుణ్ణి ఆదేశిస్తోంది. అదే సూరె 34వ ఆయతు పురుషుడికి ఇచ్చిన బాధ్యతకు ఒక కారణం అతడు తన సంపద నుంచి ఖర్చు చేయడమే అంటోంది. ఇచ్చేవాడు పురుషుడు, తీసుకునేది స్త్రీ. ఇది అల్లాహ్ నిర్ణయించిన దిశ. మనం ఆ నదిని వెనక్కి తిప్పి కొండ ఎక్కిస్తున్నాం. మామగారి తోట తాకట్టుతో వచ్చిన బండి మీద ఎక్కి ఇంటికి వెళ్లేవాడు, ఏ ముఖంతో ఇంటి పెద్దనంటాడు?

1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. శిక్ష అయిదేళ్లకు తక్కువ కాదు. ఆ చట్టమే మన మహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. అంటే దేశ చట్టానికి కూడా మహర్‌కూ కట్నానికీ తేడా తెలుసు. తెలియనిది మన పెళ్లి పెద్దలకే.

జహేజ్‌కు సాక్ష్యంగా హజ్రత్ ఫాతిమా (రజి) పెళ్లిని ఎత్తుతారు. ఒక దుప్పటి, ఒక నీళ్ల తిత్తి, సువాసన గడ్డి నింపిన తోలు దిండు. మొదట ఒక సంగతి: ఈ జాబితా చూపించి మంచం, బీరువా, ఫ్రిజ్ అడిగేవాడు ముందు తోలు దిండుతో సరిపెట్టుకోవాలి. రెండోది: హజ్రత్ అలీ (రజి) బాల్యం నుంచీ దైవప్రవక్త (స) పోషణలోనే పెరిగారు. ఇటు వధువుకూ అటు వరుడికీ పెద్ద ఆయనే. కొత్త కాపురానికి కావలసిన నాలుగు వస్తువులు సమకూర్చారు. మహర్‌గా ఇవ్వడానికి ఏమీ లేదన్న అలీ (రజి)ని, నీ కవచం ఏమైందని అడిగి మరీ ఇప్పించారు. ఈ ముక్కను మనవాళ్లు చెప్పరు.

అలాగని తల్లిదండ్రులు కూతురికి ఏదీ ఇవ్వరాదని నేననడం లేదు. హజ్రత్ ఖదీజా (రజి) పెద్దకూతురు జైనబ్ (రజి)కు పెళ్లినాడు ఒక హారం ఇచ్చారు. ఏళ్ల తర్వాత బద్ర్ ఖైదీగా ఉన్న భర్తను విడిపించుకోవడానికి జైనబ్ (రజి) ఆ హారాన్ని పంపితే, అది చూసి దైవప్రవక్త (స) గుండె కరిగిపోయింది. తల్లి ప్రేమతో ఇచ్చినది అలా ఉంటుంది. ఎదుటివాడు అడిగినందుకో, అడుగుతాడన్న భయంతోనో ఇచ్చేది వేరు.

అడగడం అంటే నోరు విప్పి అడగడమే కాదు. మన దక్కనీ ఇళ్లలో ఒక మాట ఉంది: “హమ్‌నా కుచ్ నక్కో.” మాకేం వద్దు అని. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: “మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం. మా పెద్దకోడలు ఇరవై తులాలతో వచ్చింది, ఊరికే చెబుతున్నాం.” ఊరికే! నికాహ్ ఖుత్బాలో మేం చదివే ఆయతుల్లో అహ్‌జాబ్ సూరె 70వ ఆయతు ఒకటి. అల్లాహ్‌కు భయపడి, సూటి మాట మాట్లాడమని దాని ఆదేశం. పెళ్లి పందిట్లో ఆ ఆయతునే ఎందుకు చదువుతారో నాకు ఇలాంటి మాటలు విన్నప్పుడల్లా అర్థమవుతుంది. అరబీలో చదివేసి ఊరుకుంటే ఎవరికీ తగలదు. ఆ అమ్మాయి తెలుగులో చెప్పమన్నది అందుకే కాబోలు.

ఇప్పుడు కొత్త ఎత్తు ఒకటి మొదలైంది. నికాహ్ మసీదులోనే, ఖర్జూరాలు పంచి సాదాగా. దాని ఫోటోలు ఫోన్లలో తిరుగుతాయి. మాషా అల్లాహ్ అని అందరూ మెచ్చుకుంటారు. మరునాడు కన్వెన్షన్ హాల్‌లో వెయ్యిమందికి “రిసెప్షన్”, ఖర్చు అమ్మాయి తండ్రిది! మసీదు గడపను ముసుగుగా వాడుకోవడం కాదా ఇది? సాదాతనాన్ని కూడా నలుగురికి చూపడానికే చేస్తే అదీ రియానే.

మసీదులో నికాహ్ గురించి తిర్మిజీలో ఉన్న హదీసు సనదు బలహీనమని ముహద్దిసులు చెప్పారు. అయినా మన ఉలమా దాన్ని మంచి పద్ధతిగా ఎంచారు. మసీదుకు అద్దె లేదు, అక్కడ పెద్ద కుర్చీ, చిన్న కుర్చీ లేవు. వేరొకచోట సాదాగా జరిగినా తప్పేమీ లేదు.

ఆ తండ్రి “నలుగురిలో పరువు” అన్నారు. నేను 2020 గుర్తు చేశాను. కరోనా లాక్‌డౌన్‌లో పెళ్లికి 50 మందికి మించరాదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ నెలల్లో నేను చదివించిన నికాహ్‌లు ఇళ్ల వరండాల్లో, డాబాల మీద జరిగాయి. ఎవరి పరువూ పోలేదు. ఆ జంటలు ఈనాడు పిల్లాపాపలతో కాపురాలు చేసుకుంటున్నారు. పోలీసు వద్దంటే మానగలిగినది, దైవప్రవక్త (స) వద్దంటే ఎందుకు మానలేం? ఇక మన ఊరి వారికి ఇంకో ఉదాహరణ కళ్లెదుటే ఉంది. మన హిందూ సోదరులు ఎక్కడెక్కడి నుంచో తిరుమల వచ్చి పెళ్లి చేసుకుని వెళతారు. పాపవినాశనం రోడ్డులోని కల్యాణ వేదికలో 2016 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం ఉచితంగానే జరిపిస్తోంది. తల్లిదండ్రులు, దగ్గరివారు కొద్దిమందితో వచ్చి పెళ్లి చేసుకుని కొండ దిగిన వారిని ఎవరూ పేదవారనీ, పిసినారులనీ అనరు. భక్తితో చేశారంటారు. మన మసీదుకు ఆ గౌరవం మనమే ఇవ్వడం లేదు.

ప్రభుత్వాలూ సాయం చేశాయి. తెలంగాణలో 2014 అక్టోబరు 2న 51 వేల రూపాయలతో షాదీ ముబారక్ మొదలైంది. మన రాష్ట్రంలో 2022 అక్టోబరు 1 నుంచి షాదీ తోఫా పేరిట ముస్లిం వధువుకు లక్ష రూపాయలు ప్రకటించారు. పేద తండ్రికి అది ఊరటే. కాని ఆ లక్షను కూడా లెక్కలో వేసుకుని అడిగిన వరుడి పక్షాన్ని నేను చూశాను. ముస్లిం పర్సనల్ లా బోర్డు 2021లో ‘ఆసాన్ ఔర్ మస్నూన్ నికాహ్’ ఉద్యమం నడిపింది. ఖుత్బాల్లో మేమూ చెప్పాం. విన్నవారు తలలూపారు. తల ఊపడానికి ఖర్చు లేదు కదా.

మహర్ సంగతి కాస్త నిదానంగా మాట్లాడాలి. మన ప్రాంతంలో ఇప్పటికీ సియాహాలో 786 రూపాయలని రాయించేవారున్నారు. మా హనఫీ ఫిఖహ్‌లో మహర్ కనీసం 10 దిర్హమ్‌లు, అంటే దాదాపు 30.6 గ్రాముల వెండి. నేటి ధరలో 786 రూపాయలకు అంత వెండి రాదు. ఇనుప ఉంగరం కూడా లేని ఒక పేద సహచరుడికి, అతనికి వచ్చిన ఖుర్ఆన్ భాగాన్ని పురస్కరించుకుని దైవప్రవక్త (స) నికాహ్ చేసిన హదీసు ఉంది. కనీస మహర్ విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయభేదమూ ఉంది. అయితే 786 రాయించేవారు ఆ పేదవారు కారు. లక్షలు పుచ్చుకుని వందలు రాయించేవారు! మరికొందరు మహర్ ఘనంగానే రాయిస్తారు, ఒక్క రూపాయీ ఇవ్వరు. ఆఖరికి భర్త జనాజా లేపే ముందు, ఏడుస్తున్న భార్య దగ్గరికి ఎవరో వెళ్లి, “మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా” అంటారు. ఆ క్షణంలో ఏ స్త్రీ కాదనగలదు? అది క్షమించడమా, లాక్కోవడమా?

అబూ దావూద్‌లో హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించిన ఒక ఉదంతం ఉంది. దైవప్రవక్త (స) ఒక పురుషుణ్ణీ, ఒక స్త్రీనీ విడివిడిగా అడిగి, ఇద్దరి ఇష్టం తెలుసుకుని, వారికి నికాహ్ చేశారు. మహర్ ఎంతో అప్పుడు నిర్ణయించలేదు. అతను ఆమెకు ఏమీ ఇవ్వలేదు కూడా. అతను హుదైబియాలో పాల్గొన్నవాడు. ఖైబర్‌లో అతనికి వాటా ఉంది. మరణ ఘడియ వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవారిని సాక్షులుగా పెట్టి, ఖైబర్ వాటాను ఆమెకు మహర్‌గా ఇచ్చేశాడు. ఆమె దాన్ని లక్షకు అమ్ముకుంది. అతి సులభమైన నికాహే అతి శ్రేష్ఠమైనదన్న భావం గల దైవప్రవక్త (స) వచనం ఈ ఉదంతంతోపాటే ఉల్లేఖించబడింది. చూశారా! ఆ సహచరుడు చావు మంచం మీద మహర్ తీర్చాడు. మనం పాడె పక్కన మహర్ మాఫీ చేయించుకుంటున్నాం.

ఇన్నీ విన్నాక ఆ తండ్రి, “మీరు చెప్పింది సరే మౌలానా, పెళ్లికొడుకు తల్లికి ఎవరు చెబుతారు?” అన్నారు. న్యాయమైన ప్రశ్న. మరునాడు నేనే వెళ్లాను. ఆమె కఠినురాలు కాదు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసి అలసిపోయిన తల్లి. “హజ్రత్! ఇద్దరికీ మేం ఇచ్చాం. అప్పుడు మాకు ఎవరూ ఖుత్బా చెప్పలేదు. ఇప్పుడు మా వంతు వచ్చేసరికి ఇస్లాం గుర్తొచ్చిందా?” అన్నారు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆమె మాటలో సగం మా మౌల్వీల మీద నింద, అది సరైన నింద. “ఖాలా! మీ దగ్గర తీసుకున్నవారు తప్పు చేశారు. ఆ సొమ్ము వాళ్ల దగ్గర ఉంది, ఈ బంగారుపాళ్యం రైతు దగ్గర లేదు” అన్నాను. ఆమె మాట్లాడలేదు.

మాట్లాడింది పుట్టింటికి వచ్చి ఉన్న ఆమె పెద్దకూతురు. తెర వెనక నుంచి అంది: “అమ్మీ! నా పెళ్లి అప్పు అబ్బా ఏడేళ్లు కట్టారు. ఆ ఏడేళ్లూ పండక్కి ఇక్కడికి రావాలంటే నాకు సిగ్గేసేది. ఆ పిల్లకు కూడా అలాగే కావాలా?” నేను అంతవరకు చెప్పిన ఆయతులూ హదీసులూ చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. తల్లి లోపలికి వెళ్లి, చాలాసేపటికి చాయ్ పంపారు. చాయ్‌తోపాటు ఆ కాగితం కూడా వచ్చింది. జోడె కీ రఖమ్ ఉన్న గీత మీద అడ్డంగా గీత కొట్టి ఉంది.

నికాహ్ శుక్రవారం అసర్ తర్వాత జరిగింది. మహర్‌గా అమ్మాయి అడిగింది 31 గ్రాముల వెండి కాదు, వేలకు వేలూ కాదు. అబ్బాయి మూడు నెలల జీతం. పై చదువుకు కట్టుకుంటానంది. అతను ఆ సొమ్మును అందరి ముందూ ఆమె అన్నయ్య చేతికి ఇచ్చి పంపాడు. సియాహాలో ‘చెల్లించబడినది’ అని నేనే రాశాను. (వివాహ నమోదు కూడా మరవకండి. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం ప్రతి పెళ్లీ నమోదు కావాలి. సియాహా ఉంది చాలు అనుకుని, తర్వాత పాస్‌పోర్టు నాడు పరుగులు పెట్టేవారిని చూస్తున్నాం.) ఖుత్బా భావం తెలుగులో చెబుతుంటే మసీదు ప్రాంగణంలో కూర్చున్న అబ్బాయి హిందూ స్నేహితులు శ్రద్ధగా విన్నారు. నిజానికి మనవాళ్లే మొదటిసారి విన్నారు.

ఇక వలీమా. దీనికి ఆ పిల్లలు చేసిన ఏర్పాటు నాకు అన్నింటికంటే నచ్చింది. ఖైబర్ నుంచి తిరిగి వచ్చే దారిలో దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)తో జరిగిన నికాహ్‌కు ఇచ్చిన వలీమా గుర్తుందా? తోలు పరుపు పరిచి, ఎవరి దగ్గర ఏముంటే అది తెమ్మన్నారు. ఒకరు ఖర్జూరాలు తెచ్చారు, ఒకరు నెయ్యి తెచ్చారు. అన్నీ కలిపి హైస్ చేశారు. రొట్టె లేదు, మాంసం లేదు. అదే వలీమా. పెళ్లికొడుకు తన సంపాదనతో రెండు డేగల బిర్యానీ వండించాడు. తక్కినది బంధువుల ఇళ్ల నుంచి వచ్చింది. మేనత్త ఇంటి నుంచి దాల్చా, పక్కింటి నుంచి పెరుగు పచ్చడి, పీలేరు చిన్నాన్న ఇంటి నుంచి మీఠా. వీధిలోని హిందూ ఇళ్లవారి కోసం శాకాహారం వేరుగా, వాళ్ల ఇంటి ఆడవాళ్లే వచ్చి వండారు. ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా తిండి అన్ని తిండ్లలోకీ చెడ్డదని దైవప్రవక్త (స) హెచ్చరించారు కదా! మొదటి వరుస పళ్లాలు బస్టాండు దగ్గర బండి లాగే వారి ముందు పెట్టారు. పెళ్లికొడుకు స్వయంగా వడ్డించాడు.

వెళ్లేవారి చేతుల్లో మామిడి మొక్కలు. ఒక ముసలాయన నా దగ్గర నిలబడి, “మా ఇంటి ముందు జాగా లేదు, ఎక్కడ నాటను?” అని అడిగాడు. ముస్లిం నాటిన చెట్టు పండును మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సదఖా పుణ్యమే కనుక మసీదు వెనక నాటమన్నాను. మరునాడు వచ్చి నాటాడు. ఇప్పుడు రోజూ ఫజర్ తర్వాత వజూ చెంబుతో దానికి నీళ్లు పోస్తున్నాడు.

పెళ్లికూతురి తండ్రి మొన్న ఫోన్ చేశారు. బంగారుపాళ్యం తోట ఆయన పేరుమీదే ఉంది. ఈ ఏడు పూత బాగా వచ్చిందట. మంచు ఎక్కువ పడకుండా దుఆ చేయమన్నారు.